చుక్క గుర్తు పెట్టిన టేపు

లైబ్రరీలో కిటికీ పక్క బల్ల మీద, దారం కట్టిన పెన్నుతో సహా ఒక లావుపాటి నోటుపుస్తకం పెట్టి మూడు వారాలైంది. లైబ్రరీ అమ్మాయి దాని అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలతో "గొడుగు ఆల్బం: మీ జ్ఞాపకాలు, మీ అభిప్రాయాలు" అని రాసింది. ఆ మూడు వారాల్లో టేపులాయన నాలుగుసార్లు వెళ్ళి, నిలబడే దాన్ని చదివి వచ్చాడు. ఒక్కసారి కూడా పెన్ను ముట్టుకోలేదు.

ఊళ్ళో అందరూ ఆయన్ని టేపులాయన అనే అంటారు. టేపులు పోయి పాతికేళ్ళు దాటినా ఆ పేరు మాత్రం పోలేదు. ఆ తర్వాత ఆయన మిక్సీలు బాగుచేశాడు, ఫ్యాన్లు బాగుచేశాడు, కొన్నాళ్ళు జిరాక్సు మిషను దగ్గర నిలబడ్డాడు. ఎవరూ మిక్సీలాయన అనలేదు, జిరాక్సాయన అనలేదు. ఇప్పుడు డెబ్భై రెండేళ్ళు. మోకాళ్ళు అరిగిపోయాయి. చెవులు సగానికి సగం తగ్గాయి. ముఖ్యంగా సన్నటి శబ్దాలు, మెల్లటి శబ్దాలు ఆయన దాకా రావడం మానేశాయి. ఇంట్లో గిన్నె పడితే వినిపిస్తుంది, భార్య గొణిగితే వినిపించదు.

"అదొక్కటీ మీకు కలిసొచ్చింది" అంటుంది ఆవిడ, వినిపించేలా.

వయసులో ఉన్నప్పుడు ఆయన కొట్టు ఒక మేడ మెట్ల కింద ఉండేది. లోపలికి వెళ్ళాలంటే తల వంచాలి, లోపలికి వెళ్ళాక కూడా వంచే ఉంచాలి. అరలో రెండు టేపు రికార్డర్లు, పక్కన ఒక రికార్డు ప్లేయరు, ఒక సీసాలో స్పిరిట్టు, డబ్బాలో దూది. పైన బోర్డు మీద పచ్చరంగుతో "ఒక్క శబ్దం పొల్లుపోకుండా కాపీ చేయబడును" అని రాయించాడు. ఆ బోర్డు రాయించిన రోజు ఆయన ఎదురుగా రోడ్డు దాటి నిలబడి పావుగంట చూసుకున్నాడు.

ఆ పనికి అడ్డదారి లేదు. నలభై అయిదు నిమిషాల టేపు నిండాలంటే నలభై అయిదు నిమిషాలూ ఆడాల్సిందే. మధ్యలో లేచి వెళితే ఎక్కడ టేపు నలుగుతుందో తెలియదు కాబట్టి పక్కనే కూర్చోవాలి. అలా ఊళ్ళో వాళ్ళ ఇష్టాలన్నీ ఆయన చెవుల్లోంచే వెళ్ళాయి. ప్రేమలో పడ్డవాళ్ళ పాటలు, ప్రేమ చెడినవాళ్ళ పాటలు, ఉదయాన్నే వ్యాయామం చేసేవాళ్ళ పాటలు. ఫలానా పాట విందాం అని తనకోసం తాను కూర్చుని విన్న రోజు మాత్రం ఆయనకు గుర్తులేదు. సాయంత్రం ఇంటికి వెళితే నిశ్శబ్దం తప్ప ఏమీ వద్దనిపించేది. ఆ అలసట ఒంటిది కాదు. రోజంతా ఇంకొకళ్ళ సంతోషాలకు కాపలా కాసినవాడికి వచ్చే అలసట.

గొడుగు ఆల్బం ఆ కొట్లోకి వచ్చి నలభై రెండేళ్ళైంది. మేడ మీద గదిలో వంతెన పనికి వచ్చిన ఇంజనీరు ఒకడు అద్దెకుండేవాడు. బదిలీ అయి వెళ్ళిపోతున్న రోజు ఉదయం, ఒక రికార్డు పట్టుకుని మెట్లు దిగాడు.

"మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతున్నాను. ఈలోగా ఎక్కించుకుంటే ఎక్కించుకో. ఇలాంటి రాక్ సంగీతం మీ ఊళ్ళో ఎవరూ విని ఉండరు."

అట్ట మీద వానకు తడిసిన రోడ్డు, రోడ్డు మధ్యలో తిరగబడిన నల్ల గొడుగు, గొడుగు నిండా నీళ్ళు. టేపులాయనకు ఆ పాటల భాష సగమే తెలుసు. ఆ రోజు కొట్లో ఉన్న ఖాళీ టేపులన్నీ నలభై అయిదు నిమిషాలవే. భాషలు నేర్పే సంస్థ ఒకటి మూతపడితే మూటగట్టి తెచ్చినవి. అంటే ఒక్కో వైపు ఇరవై రెండున్నర నిమిషాలు. ఇంజనీరు పెట్టె సర్దుకుని వచ్చేలోగా ఒక్కసారి ఎక్కించడానికే వ్యవధి ఉంది.

మూడో పాటలో రికార్డు మీద గీత పడి ఉంది. సూది అక్కడ ఎగిరి, ఒక మాట మింగేసి, అవతల దిగింది. వెక్కిలి వచ్చినట్టు వినిపించింది. సరే, పోనీ అనుకున్నాడు. మొదటి వైపు సరిపోయింది. రెండో వైపే సరిపోలేదు. చివరి పాట తొమ్మిది నిమిషాలు. అందులో ఏడున్నర నిమిషాల దగ్గర, గాయకుడు ఒక మాట సగంలో ఉండగా టేపు అయిపోయింది. టక్కుమని మీట పైకి లేచింది.

రికార్డు మాత్రం తిరుగుతూనే ఉంది. మిగిలిన ఒకటిన్నర నిమిషమూ ఆ మెట్ల కింద గదిలో ఆయన ఒక్కడే విన్నాడు. విని, సూది ఎత్తి, రికార్డు తుడిచి అట్టలో పెట్టాడు.

"అయిందా?" అన్నాడు బయట పెట్టె పట్టుకుని నిలబడ్డ ఇంజనీరు.

"అయింది" అన్నాడు టేపులాయన.

ఆ టేపే అసలు ప్రతి అయింది. ఊళ్ళో ఆ తర్వాత పుట్టినవన్నీ దాని పిల్లలే. పాట సగంలో తెగిందని చెప్పకపోవడం న్యాయం కాదని ఆయనకు తెలుసు. అందుకే మొదటి పది, పదిహేను కాపీల మీద, తాను గీసిన గొడుగు బొమ్మ పక్కన, ఎర్ర సిరాతో అయిదు మొనల చుక్క ఒకటి పెట్టాడు. "చివరి పాట పూర్తిగా లేదు" అని దాని అర్థం. ఆ అర్థం ఆయనకొక్కడికే తెలుసు. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాడు, ఎవరూ అడగలేదు. తర్వాత ఎర్ర సిరా అయిపోయింది. మళ్ళీ తేలేదు.

ఇక ఆ ఆల్బం ఊరంతా పాకింది. హాస్టళ్ళలో, దర్జీ కొట్లలో, మిల్లు క్యాంటీన్లో, బస్సులో. అసలు పేరు ఎవరికీ నోరు తిరగక, లేబులు మీది బొమ్మను బట్టి గొడుగు అన్నారు. భాష రానివాళ్ళు కూడా మూడో పాటను వెక్కిలితో సహా పాడేవారు. పొరపాటున ఎవరైనా వెక్కకుండా పాడితే, వీడికి పాట సరిగ్గా రాదు అనేవారు.

ఇప్పుడు ఆ నోటుపుస్తకం నిండా అవే జ్ఞాపకాలు. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన పాత స్నేహితుడు ఇలా రాశాడు: "రెండో పాట మధ్యలో వంతెన వచ్చేది. మూడో పాటలో వెక్కిలి దగ్గర గతుకు వచ్చేది. చివరి పాట టక్కున ఆగేసరికి నా బస్సు డిపోలో ఆగేది. అంత లెక్కగా చేసిన ఆల్బం ఇంకోటి లేదు." ఎవరో పేరు రాయకుండా "అందరూ పొగుడుతున్నారు గానీ మొదటి వైపు నాకు నిద్రొచ్చింది" అని రాశారు. దాని కింద ఇంకెవరో "నిద్రపోయినవాడికి అభిప్రాయం ఎందుకు?" అని రాశారు. లెక్కల మాస్టారు ఒకాయన, చివరి పాటను మాట మధ్యలో తెంపడం వెనక ఉన్న తాత్త్వికత గురించి రెండు పేజీలు నింపాడు. మనిషి బతుక్కి చివర్న చుక్క ఉండదని, అది గ్రహించిన మహానుభావులు ఆ పాట కట్టినవాళ్ళని. ఆ రెండు పేజీలూ చదువుతున్నంతసేపూ టేపులాయనకు చెవులు వేడెక్కాయి. తనలో తాను కాస్త నవ్వుకున్నాడు కూడా.

నవ్వు ఆగిపోయింది నాలుగోసారి వెళ్ళినప్పుడు. ఆ రోజు కొత్త పేజీ ఒకటి కనిపించింది. గుండ్రంగా, ఒకే ఎత్తున ఉన్న అక్షరాలు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన ఆవిడ రాసింది.

"నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, మా పిల్లల వార్డులో ఒకే వారంలో ముగ్గురు పోయారు. ఆ వారం చివర రాజీనామా రాసి దిండు కింద పెట్టుకున్నాను. సాయంత్రం ఈ టేపు వేసుకున్నాను. చివరి పాటలో పాడినాయన మాట సగంలో ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో చెప్పలేదు, క్షమించమని అడగలేదు. ఇక చేతకానప్పుడు ఆగిపోవచ్చన్నమాట, అది తప్పు కాదన్నమాట అనుకున్నాను. మర్నాడు మళ్ళీ వేస్తే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. కాగితం చించేసి డ్యూటీకి వెళ్ళాను. తర్వాత ముప్ఫై ఒక్కేళ్ళు చేశాను. వార్డులో ఎవరు పోయినా ఇంటికొచ్చి ఆ పాట ఒక్కటే వినేదాన్ని. ఇంతకంటే మంచి పాటలు ఉండొచ్చు. ఇంత నిజాయితీగా ఆగిన పాట మాత్రం నేను వినలేదు."

టేపులాయన ఆ చివరి వాక్యం దగ్గర నిలబడిపోయాడు. ఎక్కడైనా కూర్చోవాలనిపించింది.

అప్పుడే లైబ్రరీ అమ్మాయి పరిగెత్తినట్టు వచ్చింది. "బాబాయ్‌గారూ, మీకోసమే చూస్తున్నాను! ఆల్బం వచ్చి యాభై ఏళ్ళైంది కదా, కంపెనీవాళ్ళు రికార్డు మళ్ళీ అచ్చేశారు. తెప్పించాను. ఆదివారం పొద్దున పదింటికి ఇక్కడే హాల్లో అందరం కూర్చుని వింటాం. మొదటి మాట మీరే మాట్లాడాలి."

"నేనా? నేనేం మాట్లాడతానమ్మా?"

"అదేంటి బాబాయ్‌గారూ! ఊరికి తెచ్చిందే మీరు. ఒక్క శబ్దం పొల్లుపోకుండా." ఆ అమ్మాయికి ఆ బోర్డు సంగతి ఎవరు చెప్పారో గానీ, దాన్ని మంచి మాటగానే అంది.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చున్నాడు. భార్య బట్టలు మడతపెడుతోంది. ఆవిడకు ఈ కథ అంతా తెలుసు. పెళ్ళైన కొత్తలోనే చెప్పాడు. అప్పట్లో ఆవిడ నవ్వి ఊరుకుంది.

"ఆదివారం అసలు రికార్డు పెడతారట" అన్నాడు.

"పెడితే పెట్టనివ్వండి. మీరు కోసింది టేపు. ఎవరి గొంతూ కాదు."

"పేరు పోతుందని కాదే. పోయినా ఇంకెన్నాళ్ళు మోస్తాను దాన్ని? ఆ నర్సుగారు..." అని పుస్తకంలో చదివింది చెప్పాడు. "ముప్ఫై ఏళ్ళు దాన్ని పట్టుకుని నిలబడింది ఆవిడ. పాడినాయన నిజాయితీగా ఆగాడనుకుంది. ఆయన ఆగలేదు. నా దగ్గర టేపు చాల్లేదు. అది నలుగురి మధ్యలో కూర్చుని తెలుసుకోవాలా?"

ఆవిడ మడతపెడుతున్న దుప్పటిని ఒళ్ళో పెట్టుకుంది. "అయితే నలుగురి కంటే ముందు మీరే వెళ్ళి చెప్పండి. ఇక్కడ గుమ్మంలో కూర్చుంటే ఆవిడకి వినపడదు కదా."

"ఆవిడుండేది మూడో అంతస్తట."

"మీ మోకాళ్ళని కూడా తీసుకెళ్ళండి. పాపం వాటికి మాత్రం ఊరు చూసినట్టుండదూ?"

శనివారం సాయంత్రం నాలుగింటికి ఆయన ఆ మెట్లెక్కాడు. ఒక్కో అంతస్తులో ఆగి, ఎవరైనా చూస్తే బోర్డులు చదువుతున్నట్టు నిలబడి, మళ్ళీ ఎక్కాడు. తలుపు తీసిన ఆవిడ ఆయన్ని చూసి వెంటనే మణికట్టు పట్టుకుంది. నాడి చూసి వదిలింది.

"కూర్చోండి అన్నయ్యగారూ. మాట్లాడకండి. ముందు ఊపిరి పీల్చుకోండి."

గది చిన్నది. మంచం మీద దుప్పటి ముడత లేకుండా, నాలుగు మూలలా బిగించి ఉంది, ఆస్పత్రి మంచంలా. బల్ల మీద పాత టేపు రికార్డరు, దాని మీద దుమ్ము పడకుండా కప్పిన చేతిరుమాలు. ఆవిడ మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, ఇక ముందూ వెనకా చూడకుండా చెప్పేశాడు. ఇంజనీరు, మధ్యాహ్నం బండి, నలభై అయిదు నిమిషాల టేపు, టక్కుమన్న మీట.

"అక్కడ ఆయన ఆగలేదు సిస్టరుగారూ. నా టేపు ఆగింది."

కింద రోడ్డు మీద ఎవరో బండి స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. ఆ శబ్దం ఆయనకు కూడా వినిపించింది.

"ఇప్పుడెందుకు చెప్పారు?" అంది చివరికి. గొంతులో కోపం ఉంది. "నలభై రెండేళ్ళు ఊరుకున్నారు. ఇంకొక్క రోజు ఊరుకుంటే రేపు నేనే వినేదాన్ని కదా."

"అందరి మధ్యలో వింటారని..."

"అందరి మధ్యలో నేను చాలా విన్నానండి. వార్డు మధ్యలో నిలబడి విన్నాను."

ఆయన తల వంచుకున్నాడు. తల వంచుకు కూర్చోవడం ఆయనకు అలవాటే, మెట్ల కింద కొట్టు నేర్పింది. ఆవిడ లేచి వెళ్ళి, సొరుగు లాగి, ఒక టేపు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. లేబులు పసుపెక్కిపోయింది. గొడుగు బొమ్మ. పక్కన ఎర్ర చుక్క.

"ఇది పెట్టింది మీరేనా?"

"నేనే."

"డ్యూటీ దుస్తుల్లోనే వచ్చి తీసుకున్నాను. నన్ను చూసి, పాపం నర్సమ్మ అని, మంచి కాపీ ఏరి, చుక్క పెట్టి ఇచ్చారనుకున్నాను."

అబద్ధం చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఇంకొకటి దొరకదు. కానీ అప్పటికే మూడంతస్తులెక్కి వచ్చాడు.

"కాదు సిస్టరుగారూ. చివరి పాట పూర్తిగా లేదని గుర్తు."

ఆవిడ కళ్ళజోడు తీసి ఆ చుక్కను దగ్గరగా చూసింది. "గుర్తు పెట్టినవారు అర్థం కూడా రాయాలి కదండీ! మందుల చార్టు మీద అర్థం రాయకుండా చుక్క పెట్టిన కొత్త నర్సు పిల్లని నేను వార్డులో నిలబెట్టి అడిగేదాన్ని. ఈ చుక్కకి మందు ఇవ్వమనా, ఆపమనా? చదివేవాళ్ళు ఏమనుకోవాలి?"

"ఏమైనా అనుకుంటారు" అన్నాడాయన.

"అనుకున్నానుగా." అప్పుడు కొంచెం నవ్వింది. నవ్వనుకున్నాడు గానీ, చూస్తే పెదవులు మాత్రమే కదిలాయి. "ఆ మిగిలింది ఎలా ఉంటుంది?"

"ఒక్కసారే విన్నాను. ఆ మాట పూర్తవుతుంది. తర్వాత..."

"వద్దు. చెప్పకండి." టేపు తిరిగి తీసుకుంది. "రేపు వస్తాను. తలుపు దగ్గర కూర్చుంటాను. ఆ చోటు వచ్చేముందు లేచి వెళ్ళిపోతాను. ఎవరూ ఏమీ అనుకోరు, ముసలిదానికి నీరసం అనుకుంటారు."

మెట్లు దిగుతుంటే ఎక్కినదానికంటే ఎక్కువ నొప్పి పుట్టింది. చెప్పేస్తే భారం దిగుతుందంటారు. ఆయనకు అలా ఏమీ అనిపించలేదు. తన నెత్తి మీది మూట తీసి ఆవిడ నెత్తిన పెట్టి, చేతులు దులుపుకుని దిగి వస్తున్నట్టుంది.

ఆదివారం హాలు నిండింది. అరవై, డెబ్భై మంది ఉంటారు. అందరి తలలూ తెల్లవే. లైబ్రరీ అమ్మాయి ఆయన్ని పరిచయం చేస్తూ, తప్పకుండా అంటుందనుకున్న ఆ మాటే మళ్ళీ అంది. నర్సుగారు తలుపు పక్క కుర్చీలో, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టేపులాయన మైకు పట్టుకున్నాడు.

"పొల్లుపోయింది" అన్నాడు. మైకులో తన గొంతు తనకే వింతగా ఉంది. "మూడో పాటలో వెక్కిలి లేదు, అది రికార్డు మీద గీత. చివరి పాట అక్కడ ఆగదు. నా టేపు చాల్లేదు. చుక్క గుర్తు పెట్టాను గానీ అర్థం రాయలేదు. అంతే. తప్పు నాది."

ముందు వరసలోంచి డ్రైవరు లేచాడు.

"ఒరేయ్ టేపూ! అంటే పదమూడేళ్ళు నేను బస్సు ఆపింది పాట అయిపోయి కాదా? నీ టేపు అయిపోయా?"

"డిపో వచ్చింది కాబట్టి ఆపావురా" అన్నాడు టేపులాయన.

హాలంతా గొల్లుమంది. వెనకనుంచి ఎవరో "ఆయన మాట నమ్మకండి, కంపెనీవాళ్ళే కొత్తదాంట్లో ఏదో కలిపుంటారు" అని అరిచారు. లెక్కల మాస్టారు మాత్రం నవ్వలేదు. లేచి నెమ్మదిగా బల్ల దగ్గరికి నడిచాడు.

"అమ్మా, ఆ పుస్తకంలో నావి రెండు పేజీలున్నాయి. ఒకసారి ఇలా ఇవ్వు."

"చింపడానికి వీల్లేదు మాస్టారూ" అని లైబ్రరీ అమ్మాయి పుస్తకాన్ని గుండెలకు హత్తుకుంది.

రికార్డు మొదలైంది. రెండో పాట మధ్యలో డ్రైవరు కాలు దానంతటదే క్లచ్చు తొక్కింది. మూడో పాటలో ఆ చోటు రాగానే హాలు మొత్తం కలిసి వెక్కింది. రికార్డు వెక్కలేదు. ఇన్నాళ్ళూ గీత మింగేసిన మాట మొదటిసారి పైకి వినిపించింది. పక్కవాళ్ళ మొహాలు పక్కవాళ్ళు చూసుకుని మళ్ళీ నవ్వారు. టేపులాయన నవ్వలేదు. చివరి పాట ఎప్పుడొస్తుందా అని చూడటంలేదు, రాకపోతే బాగుండునని చూస్తున్నాడు. రెండో వైపు తిప్పారు. ఒకటి, రెండు, మూడు. చివరి పాట మొదలైంది.

ఆయనకు ఆ పాటలో ప్రతి క్షణం తెలుసు. వెయ్యిసార్లకు పైగా పక్కన కూర్చుని కాపలా కాశాడు. ఆరు నిమిషాలు. ఏడు. తలుపు వైపు చూశాడు. నర్సుగారు సంచీ భుజాన తగిలించుకుంది. కుర్చీ చేతి మీద చెయ్యి ఆనించి లేవబోయింది.

గాయకుడు ఆ మాట ఎత్తుకున్నాడు. సగానికి వచ్చాడు.

అప్పుడు హాల్లో ఇరవై, ముప్ఫై మంది ఒక్కసారిగా కుర్చీల్లోంచి లేచారు. ఎవరూ లేవమనలేదు. టేపు తిప్పడానికి లేచే లేవడం అది, ఒంట్లో అలా ఉండిపోయింది. డ్రైవరు చెయ్యి చాచి గాల్లో మీట నొక్కాడు. కొందరు చెప్పుల కోసం కాళ్ళతో తడుముకున్నారు. పాట ఆగలేదు. సగం లేచినవాళ్ళు సగంలోనే, నడుములు వంగి ఉండగానే, అలా నిలబడిపోయారు. ఆ మాట పూర్తయింది. చాలా మామూలు మాట. పాట మొదటి పాదంలో వచ్చిందే.

అంతమంది ఒక్కసారి లేవడంతో తలుపు దగ్గర దారి మూసుకుపోయింది. నర్సుగారు లేవబోయి మళ్ళీ కూర్చుంది. దారి లేక కూర్చుందో, అందుకు కాదో టేపులాయనకు తెలియలేదు.

గొంతు ఆగిపోయాక వాయిద్యాలు మిగిలాయి. ఒక్కొక్కటే తగ్గడం మొదలైంది. నలభై రెండేళ్ళ క్రితం మెట్ల కింద ఒక్కడే విన్నది, రెండోసారి వింటున్నాడు. ఒళ్ళంతా చెవులు చేసుకున్నాడు. డ్రమ్ములు పోయాయి. గిటారు సన్నబడింది, ఇంకా సన్నబడింది. ఆ తర్వాత ఆయనకు ఏమీ లేదు. అయిపోయిందనుకుని చుట్టూ చూశాడు. ఎవరూ కదలడం లేదు. నిలబడ్డవాళ్ళు తలలు ఒక పక్కకు వాల్చి వింటున్నారు. అయిపోలేదు. ఆయన చెవులే అయిపోయాయి.

తలుపు వైపు చూశాడు. నర్సుగారి వేళ్ళు కుర్చీ చేతి మీద మెల్లగా కదులుతున్నాయి. నాడి చూసేవాళ్ళ వేళ్ళలా, లెక్కపెడుతూ. ఆయన ఆ వేళ్ళనే చూస్తూ మిగతా పాట విన్నాడు. చాలాసేపటికి అవి ఆగాయి. అప్పుడు అందరూ కూర్చున్నారు.

తర్వాత గోల. కొత్తదే బాగుందని కొందరు, సాగదీశాడని కొందరు. "పాతదే ఇంకో కాపీ కొట్టివ్వరా" అని డ్రైవరు భుజం తట్టాడు. "మిషన్లు లేవురా" అంటే "నువ్వున్నావుగా" అన్నాడు. నిలబడే ఓపిక లేక టేపులాయన బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. తల ఎత్తి చూసేసరికి తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఎప్పుడు వెళ్ళిందో చూడలేదు.

నోటుపుస్తకం తెరిచి ఉంది. దారం కట్టిన పెన్ను నర్సుగారి పేజీ మీదే అడ్డంగా పడి ఉంది. ఆవిడ పాత రాత అలాగే ఉంది, ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు. "నిజాయితీగా ఆగిన పాట" అన్న చోట మాత్రం పైన చిన్న చుక్క గుర్తు, అయిదు మొనలతో. పేజీ అడుగున అదే చుక్క మళ్ళీ పెట్టి, పక్కన ఆ గుండ్రటి అక్షరాలతో అర్థం రాసింది:

"నా టేపులో చివరి పాట పూర్తిగా లేదు. ఇవాళ పూర్తిగా విన్నాను. నా అభిప్రాయం మారలేదు."

టేపులాయన పెన్నుకు మూత పెట్టాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, లేవడానికి ముందు ఇంకాసేపు కూర్చున్నాడు.